క్యాప్స్ లాక్‌కు కొత్త కొలువు: ప్లాస్మా 6లో తెలుగు, ఇంగ్లీషు కీబోర్డుల మార్పిడిపై సమీక్ష

"తెలుగు" అని టైపు చేసి తల ఎత్తి చూస్తే, తెర మీద ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి అనే ఆరు ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరి ఉండటం ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో రాసేవారందరికీ పరిచయమైన దృశ్యమే. దీనికి తిరుగుడు కూడా ఉంది. తెలుగు లేఅవుట్‌లో, అంటే తెలుగు కీల అమరికలో, ఉన్నామన్న సంగతి మరచి ఇంగ్లీషులో "ది" అనే మూడక్షరాల మాట కొడితే, ఆధారమైన హల్లు లేక గాలిలో వేలాడే కొమ్ముదీర్ఘం ఒకటి, దాని పక్కన ఒక "పా" వచ్చి కూర్చుంటాయి. రోజుకు ఇరవై ముప్పై సార్లు ఇలా రాసింది చెరిపి మళ్ళీ రాసే మనిషికి, కంప్యూటరు ఎంత వేగంగా పనిచేస్తుందన్నది రెండో విషయమవుతుంది. భాష మార్చే కీ ఎక్కడ ఉంది, అది ఎలా ప్రవర్తిస్తుంది అన్నది మొదటి విషయమవుతుంది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేయడం, ప్రూఫులు దిద్దడం నా వృత్తి. కాబట్టి ఏ డెస్క్‌టాప్‌ను చూసినా నేను ముందు తెరిచేది కీబోర్డు సెట్టింగుల పేజీనే.

ఈ సమీక్ష లినక్స్ ఆపరేటింగ్ సిస్టం మీద నడిచే, కేడీఈ అనే బృందం వారి ప్లాస్మా డెస్క్‌టాప్‌లోని ఆ ఒక్క పేజీ గురించి, దానికి తోడుగా ఉండే షార్ట్‌కట్ల పేజీ గురించి. ప్లాస్మా 6 2024 ఫిబ్రవరి చివర విడుదలైంది. లినక్స్ రకాలైన ఫెడోరా 40లోనూ, కుబుంటు 24.10లోనూ అది అందుబాటులోకి వచ్చింది. డబ్బు పెట్టి కొనవలసిన వస్తువు కాదు గనుక ధర గురించి చెప్పేదేమీ లేదు. అయితే ఒక పని సాధనంగా దాన్ని మన చేతికి అలవాటు చేసుకోవడానికి పట్టే సమయమే దాని ధర అనుకుంటే, ఆ ధర తక్కువేమీ కాదు.

తెలుగును చేర్చడం సులువే. సిస్టమ్ సెట్టింగులలో కీబోర్డు అనే విభాగంలోకి వెళ్ళి, లేఅవుట్ల జాబితాను చేతనం చేసి, వెతికే పెట్టెలో తెలుగు పేరు కొడితే మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది పేరులో మరే విశేషణమూ లేని తెలుగు, అంటే ఇన్‌స్క్రిప్ట్. అచ్చులూ గుణింతాల గుర్తులూ ఎడమ చేతి కింద, హల్లులు కుడి చేతి కింద ఉండే ఈ అమరిక భారతీయ భాషలన్నింటికీ ఒకే పద్ధతిలో రూపొందింది. 1991 నాటి ఐఎస్ 13194 భారతీయ ప్రమాణంతో పాటు అది స్థిరపడింది. రెండోది కగప, అంటే ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణను అనుసరించే అమరిక. మూడోది సరళ. కార్యాలయాల్లో, పోటీ పరీక్షల టైపింగులో, ఇతర భారతీయ భాషల్లో రాసే మిత్రుల దగ్గర పనికి వచ్చేది ఇన్‌స్క్రిప్టే గనుక నేను దానితోనే ఉన్నాను.

ఇక్కడే ఒక చిన్న వింత ఎదురవుతుంది. ప్లాస్మా తన లేఅవుట్ల జాబితాను ఎక్స్‌కేబీ అనే పాత అమరిక వ్యవస్థ నుంచి తీసుకుంటుంది. ఆ వ్యవస్థ లేఅవుట్లను ప్రధానంగా దేశాల వారీగా సర్దుతుంది. అందువల్ల తెలుగు, హిందీ, కన్నడ, ఉర్దూ అన్నీ భారతదేశం అనే ఒకే గొడుగు కిందకు వస్తాయి. గడియారం పక్కన ఏ భాష నడుస్తోందో జెండాతో చూపించమని అడిగితే అన్నింటికీ మువ్వన్నెల జెండాయే వస్తుంది. తెలుగూ హిందీ రెండూ పెట్టుకున్న హైదరాబాదు వాసికి ఆ జెండా వల్ల దేశభక్తి కలగవచ్చు కానీ, ఏ భాషలో ఉన్నామో మాత్రం తెలియదు. పరిష్కారం అక్కడే ఉంది: జెండాకు బదులు అక్షరాల గుర్తు చూపించమని ఎంచుకుని, ప్రతి లేఅవుట్ ఎదురుగా ఉన్న గడిలో మనకు నచ్చిన రెండు మూడు అక్షరాలు రాసుకోవచ్చు. నేను తెలుగుకు "తె" అనీ, ఇంగ్లీషుకు "ఇం" అనీ పెట్టుకున్నాను. లేఅవుట్ మారినప్పుడు తెర మీద ఒక క్షణం దాని పేరు మెరిసి మాయమవుతుంది. మొదటి వారం అది ఉపయోగపడింది, ఆ తరువాత కన్ను దాన్ని గమనించడం మానేసింది.

అసలు ప్రశ్న ఇప్పుడు మొదలవుతుంది. భాష మార్చే కీ ఏది? దాదాపు అన్ని డెస్క్‌టాపులూ ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబు ఒక్కటే: "తదుపరి భాషకు వెళ్ళు" అనే ఒక మీట. విండోస్‌లో అది విండోస్ కీతో స్పేస్, లేదా ఎడమ ఆల్ట్‌తో షిఫ్ట్. లినక్స్‌లోని మరో డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌లో సూపర్ కీతో (విండోస్ కీకే ఇంకో పేరు) స్పేస్. మ్యాక్‌లో కంట్రోల్‌తో స్పేస్, లేదా గ్లోబు బొమ్మ ఉన్న కీ. ప్లాస్మా తనంతట తాను ఇచ్చేది మెటా (ఇదీ ఆ విండోస్ కీయే), ఆల్ట్, కె అనే మూడు కీల కలయిక, అది మరీ చేతులు మెలితిప్పే పని. వీటన్నింటిలో ఉన్న లోపం ఒకటే. "తదుపరి" అనే మాటకు అర్థం రావాలంటే ఇప్పుడు ఎక్కడ ఉన్నామో తెలిసి ఉండాలి. అది తెలుసుకోవాలంటే కన్ను కాగితం మీద నుంచో, అనువదిస్తున్న వాక్యం మీద నుంచో లేచి తెర మూలకు పోవాలి. చూడకుండా నొక్కితే సగం సార్లు తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోవలసింది పోయి ఇంగ్లీషు నుంచి తెలుగుకు పోతాం. ఇంటి స్విచ్‌బోర్డు మీద పైకీ కిందికీ తేడా కనిపించే మీటకూ, నొక్కిన ప్రతిసారీ ఒకేలా లోపలికి పోయి బయటికి వచ్చే బెల్లు మీటకూ ఉన్న తేడా ఇదే.

నాకు కావలసింది వేరు. ఒక కీ నొక్కితే తెలుగు రావాలి, అప్పటికే తెలుగులో ఉంటే తెలుగులోనే ఉండాలి. మరొక కీ నొక్కితే ఇంగ్లీషు రావాలి, ఎన్నిసార్లు నొక్కినా ఇంగ్లీషే ఉండాలి. ఇది విపరీతపు కోరిక కాదు. జపాన్‌లో అమ్మే యాపిల్ కీబోర్డుల మీద స్పేస్ కీకి ఎడమ పక్కన ఇంగ్లీషు అక్షరాలకు ఒకటి, కుడి పక్కన కానా లిపికి ఒకటి, ఇలా రెండు వేరు వేరు కీలే ఉంటాయి. వాక్యం మొదలుపెట్టే ముందు ఏ భాష కావాలో ఆ కీ నొక్కడం అక్కడివారికి చేతివాటం. రెండు లిపులతో రోజూ కాపురం చేసే మనకు అటువంటి కీబోర్డు అంగడిలో దొరకదు గనుక, ఉన్న కీబోర్డులోనే ఆ రెండు కీలనూ వెతుక్కోవాలి.

ప్లాస్మాను నేను ఎక్కువగా మెచ్చుకునేది ఇక్కడే. లేఅవుట్ల జాబితాలో ప్రతి లేఅవుట్‌కూ విడివిడిగా ఒక షార్ట్‌కట్ ఇచ్చుకునే సౌకర్యం ఉంది. గ్నోమ్ సెట్టింగులలో ఇటువంటిది లేదు. విండోస్‌లో ఉంది కానీ, అది కొత్త సెట్టింగుల పేజీల వెనక దాగిన పాతకాలపు చిన్న పెట్టెలో ఉంటుంది, అందులోనూ కంట్రోల్‌తోనో ఆల్ట్‌తోనో షిఫ్ట్ కలిపి ఒక అంకె అన్న మూసలోనే ఎంచుకోవాలి. ప్లాస్మాలో ఏ కలయిక కావాలన్నా గడి మీద నొక్కి ఆ కీలు ఒకసారి కొడితే చాలు. ఇంగ్లీషుకు మెటాతో ఇ, తెలుగుకు మెటాతో టి ఇస్తే గుర్తుండిపోతుందని నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. రెండూ అప్పటికే ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి! మెటా ఇ డాల్ఫిన్ అనే ఫైళ్ళ మేనేజరును తెరుస్తుంది, మెటా టి కిటికీలను గడులుగా సర్దే టైల్స్ ఎడిటరుకు చెందినది. పోనీ మెటాతో 1, 2 అంకెలు ఇద్దామంటే, అవి కింది పట్టీలో ఉన్న మొదటి, రెండవ అప్లికేషన్లకు కేటాయించి ఉన్నాయి. ఇటువంటి చోట ప్లాస్మా మర్యాదగా ప్రవర్తిస్తుంది: మనం అడిగిన కలయిక ఇప్పుడు ఏ పనికి వాడుకలో ఉందో పేరుతో సహా చెప్పి, అక్కడ తీసివేసి ఇక్కడ ఇవ్వమంటారా అని అడుగుతుంది. టైల్స్ ఎడిటరుతో నాకు పని లేదు గనుక టి తీసుకున్నాను. డాల్ఫిన్‌ను మెటా డికి పంపుదామంటే అక్కడ డెస్క్‌టాప్‌ను చూపించే పని ఉంది. ఒక కుర్చీ కోసం మొదలుపెట్టి వరుసంతా లేపవలసి వచ్చింది.

రెండు వారాలు అలాగే వాడాను. పని నడిచింది కానీ, మెటా కీ మీద బొటనవేలు, అక్షరం మీద చూపుడువేలు పడేసరికి చేతులు టైపింగు స్థానం నుంచి కదిలిపోతున్నాయి. అప్పుడు అదే పేజీలో ఉన్న రెండో మార్గం వైపు చూశాను. మామూలు షార్ట్‌కట్లలో క్యాప్స్ లాక్ వంటి కీలను ఒంటరిగా వాడుకోవడం నాకు కుదరలేదు. దానికి ఎక్స్‌కేబీ ఎంపికల పెద్ద జాబితాలోకి వెళ్ళాలి. వెర్షన్‌ను బట్టి ఆ ట్యాబు పేరు మారుతూ ఉంటుంది కానీ, లోపలి సరుకు ఒకటే. అందులో "వేరొక లేఅవుట్‌కు మారడం" అనే శీర్షిక కింద డజన్ల కొద్దీ ఎంపికలు ఉన్నాయి. ఆల్ట్ షిఫ్ట్, కంట్రోల్ షిఫ్ట్ వంటి ప్రసిద్ధమైన కలయికలతో ఒక చిక్కు ఉంది. సాంప్రదాయికంగా ఇవి కీలను వదిలినప్పుడు కాక నొక్కగానే పనిచేస్తాయి. ఆల్ట్, షిఫ్ట్, ట్యాబుతో కిటికీలను వెనక్కి తిప్పుకునే అలవాటు ఉన్నవారికి, ట్యాబు దాకా వేలు పోకముందే భాష మారిపోతుంది. కంట్రోల్ షిఫ్ట్ ఎంచుకుంటే, ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్ కిటికీలో కంట్రోల్ షిఫ్ట్ సితో కాపీ చేసిన ప్రతిసారీ అదే గతి.

ఆ జాబితాను ఓపికగా చదివినవారికి దొరికే ముత్యం ఒకటి ఉంది: క్యాప్స్ లాక్ నొక్కితే మొదటి లేఅవుట్, షిఫ్ట్‌తో క్యాప్స్ లాక్ నొక్కితే రెండవ లేఅవుట్. నాకు కావలసిన "రెండు కీలు" ఇవే. తెలుగు లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న తేడా లేదు. ఇంగ్లీషులో అన్నీ పెద్దక్షరాలుగా రాయవలసిన అవసరం నాకు నెలకు ఒకసారి వస్తుందేమో. ఇంత మంచి స్థలంలో, ఎడమ చిటికెన వేలి పక్కన, ఇంత పెద్ద కీ ఏ పనీ లేకుండా కూర్చుని, పొరపాటున తగిలినప్పుడు మాత్రమే తన ఉనికి చాటుకునేది. ఇప్పుడు దానికి ఒక కొలువు దొరికింది. ఆ జాబితాలోనే ఇంకొంచెం కిందికి పోతే, మొదటిది కాని లేఅవుట్ నడుస్తున్నప్పుడు క్యాప్స్ లాక్ దీపం వెలిగించమనే ఎంపిక కూడా ఉంది. అది పెట్టుకున్న తరువాత దీపం వెలిగితే తెలుగు, ఆరితే ఇంగ్లీషు. తెర మూలలోని "తె", "ఇం" గుర్తుల అవసరం తగ్గిపోయింది.

తెలుగులోనే ఎక్కువ రాసే నాకు తెలుగుకు రెండు కీలు, ఇంగ్లీషుకు ఒక్క కీ రావడం కొంత అన్యాయంగానే తోచింది. తెలుగును జాబితాలో మొదటికి తెచ్చి ఈ అన్యాయాన్ని సరిదిద్దబోయాను. అది తప్పని ఒక పూట గడిచేసరికి తెలిసింది. కారణం తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే తెలుగు లేఅవుట్ పెట్టుకున్నవారు "కంట్రోల్ సి పనిచేయడం లేదు" అని చెప్పుకునే బాధలో చాలా భాగం ఇక్కడే పుడుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో సి కీ మీద ఉన్నది "మ". మనం కంట్రోల్ పట్టుకుని ఆ కీ నొక్కితే అప్లికేషనుకు అందే సమాచారం "కంట్రోల్‌తో మ" అని. ఆ పేరుతో ఏ ఆజ్ఞా లేదు. విండోస్‌లో ప్రతి కీకీ అక్షరంతో సంబంధం లేని ఒక సంఖ్య కూడా ఉండటం వల్ల ఈ బాధ కనిపించదు. లినక్స్‌లో అప్లికేషన్లు తయారుచేయడానికి వాడే క్యూటీ, జీటీకే వంటి ఉపకరణ సంపుటాలు దీనికి ఒక ఉపాయం పన్నాయి: వచ్చినది లాటిన్ అక్షరం కాకపోతే, జాబితాలో ఉన్న మిగతా లేఅవుట్లలో అదే కీ మీద ఏ లాటిన్ అక్షరం ఉందో చూసుకుని దాన్నే ఆజ్ఞగా తీసుకుంటాయి. ఇంగ్లీషు మొదటి స్థానంలో ఉంటే ఈ ఉపాయం నిలకడగా పనిచేస్తుంది. కేట్ అనే ఎడిటరులోనూ, లిబ్రె ఆఫీసులోనూ, ఫైర్‌ఫాక్సులోనూ తెలుగు రాస్తూనే కాపీ, పేస్టు, అన్‌డూ చేసుకోవచ్చు. ఇంగ్లీషు రెండో స్థానానికి పోతే అన్నీ ఒకేలా స్పందించవు. జాబితాలో ఇంగ్లీషు అసలే లేకపోతే వెతకడానికి చోటే ఉండదు. కాబట్టి మాతృభాషాభిమానాన్ని ఈ ఒక్క జాబితాలో పక్కన పెట్టి ఇంగ్లీషునే పైన ఉంచమని నా సలహా.

ఈ ఉపాయం అందని చోట్లు కూడా ఉన్నాయి. విమ్ ఎడిటరులో ఆజ్ఞలు కంట్రోల్ లేకుండా ఒట్టి అక్షరాలతోనే నడుస్తాయి గనుక, తెలుగు లేఅవుట్‌లో జె కీ నొక్కితే కింది వరుసకు పోవలసిన కర్సరు "ర" అనే అక్షరాన్ని చూసి మిన్నకుంటుంది. టెర్మినల్లో ఆజ్ఞలు కొట్టేటప్పుడూ అంతే. నేరుగా ఇంగ్లీషుకు తీసుకుపోయే కీ ఉండటం వల్ల ఇక్కడ నాకు కలిగిన మేలు ఎక్కువ. ఏ భాషలో ఉన్నానో ఆలోచించకుండా, టెర్మినల్లోకి రాగానే అలవాటుగా క్యాప్స్ లాక్ ఒకసారి తడతాను.

ఆ తట్టడం కూడా అక్కరలేకుండా చేసే సౌకర్యం ఒకటి ప్లాస్మాలో ఉంది. లేఅవుట్ మార్పు మొత్తం కంప్యూటరుకు వర్తించాలా, ఒక్కొక్క వర్చువల్ డెస్క్‌టాపుకా, ఒక్కొక్క అప్లికేషనుకా, ఒక్కొక్క కిటికీకా అని నాలుగు విధానాల్లో ఒకటి ఎంచుకోవచ్చు. విండోస్‌లో ప్రతి కిటికీకీ వేరుగా పెట్టుకోవడం అనే ఒక్క ఎంపిక ఉంది, ఇక్కడ మెట్లు ఎక్కువ. నేను అప్లికేషను విధానంలో స్థిరపడ్డాను. అనువాదం రాసే కేట్ ఎప్పుడూ తెలుగులో, టెర్మినల్ ఎప్పుడూ ఇంగ్లీషులో ఉంటాయి. ఒకదాని నుంచి మరొకదానికి మారినప్పుడు దీపం దానంతట అదే వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. బ్రౌజరు దగ్గర మాత్రం ఈ విధానం తేలిపోతుంది. ఒకే అప్లికేషనులో ఒక ట్యాబులో ఇంగ్లీషు నిఘంటువు, ఇంకో ట్యాబులో తెలుగు ఉత్తరం తెరిచి ఉంటే, కీబోర్డు దృష్టిలో ఆ రెండూ ఒకటే. కిటికీ విధానం పెట్టుకున్నా ట్యాబుల మధ్య తేడా చూడదు. అక్కడ మళ్ళీ చేతితో తట్టుకోవడమే గతి.

తాళం వేసిన తెర గురించి ఒక మాట. కాఫీకి లేచి వెళ్ళి వచ్చి, పాస్‌వర్డు నాలుగుసార్లు తప్పు కొట్టి, ఖాతాలోకి ఎవరో చొరబడ్డారని కంగారుపడిన రోజు నాకు ఉంది. పాస్‌వర్డు గడిలో చుక్కలే తప్ప అక్షరాలు కనిపించవు గనుక తెలుగులో కొడుతున్నానని తెలియలేదు. ఆ తెర మీద లేఅవుట్‌ను చూపించే చిన్న బొత్తాము ఉన్నా నేను చూడలేదు, తప్పు నాదే. ఇప్పుడు పాస్‌వర్డుకు ముందు క్యాప్స్ లాక్ తట్టడం అలవాటైంది. ఇతరులు చూస్తే పాస్‌వర్డు పెద్దక్షరాల్లో ఉందనుకుంటారేమో!

తెలుగు రాసేవారికి ఈ పెద్ద జాబితాలో దాగి ఉన్న మరో రెండు వస్తువులు చెప్పకుండా ముందుకు పోలేను. మొదటిది కనిపించని అక్షరం. సాఫ్ట్‌వేర్, కీబోర్డ్‌లు, ఫేస్‌బుక్ వంటి మాటలు రాసేటప్పుడు పొల్లు అక్షరం తరువాతి హల్లుకు ఒత్తుగా దిగిపోకుండా మధ్యలో వెడల్పు లేని ఒక విడదీసే గుర్తు పెట్టాలి. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అని టకు వ ఒత్తు వచ్చి చదివేవారి నాలుక మెలిపడుతుంది. ఈ గుర్తు ఎక్కడ ఉందో తెలియక, మధ్యలో స్పేస్ కొట్టి మాటను రెండు ముక్కలు చేసేవారిని ప్రూఫులలో నేను రోజూ చూస్తాను. ఎక్స్‌కేబీ ఎంపికల్లో, విరగని స్పేసుకు సంబంధించిన శీర్షిక కింద, ఈ గుర్తును రెండవ స్థాయిలో ఉంచే ఎంపిక ఉంది. అది ఎంచుకుంటే షిఫ్ట్‌తో స్పేస్ నొక్కినప్పుడు ఆ గుర్తు పడుతుంది. అలవాటైన తరువాత ఇంత సుఖమైన ఏర్పాటు మరొకటి లేదనిపించింది. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు డి కీ మీద ఉంటుంది. డి, వెంటనే షిఫ్ట్ స్పేస్, ఆపైన వ: చేయి తడబడకుండా మాట పూర్తవుతుంది.

దీనికి ఒక మూల్యం ఉంది. ఈ ఎంపికలు ఏ ఒక్క లేఅవుట్‌కో పరిమితం కావు. ఇన్‌స్క్రిప్ట్‌లో వత్తక్షరాలకూ, అచ్చులకూ షిఫ్ట్ తరచుగా వాడుతాం. "ఖ" కొట్టి షిఫ్ట్ వదలకముందే స్పేస్ నొక్కితే రెండు మాటల మధ్య ఖాళీకి బదులు కనిపించని గుర్తు పడుతుంది, మాటలు అతుక్కుపోతాయి. కంటికి కనిపించే తప్పు గనుక వెంటనే దిద్దుకోవచ్చు. కనిపించని తప్పు ఇంకొకటి ఉంది: మాట చివర అనవసరంగా ఈ గుర్తు పడి, ఆ పక్కన మామూలు స్పేస్ కూడా ఉంటే, చూడటానికి అంతా బాగానే ఉంటుంది కానీ తరువాత ఆ మాటను వెతికినప్పుడు దొరకకపోవచ్చు. నెలకోసారి నా ఫైళ్ళలో ఇటువంటి అనాథ గుర్తులను వెతికి ఏరివేస్తున్నాను.

రెండవది రూపాయి. 2010లో మన రూపాయికి గుర్తు వచ్చి, ఆ ఏడాదే యూనికోడ్‌లో చోటు సంపాదించుకున్నా, ఇంగ్లీషు లేఅవుట్‌గా అమెరికా రకాన్ని వాడేవారికి అది కీబోర్డు మీద నేరుగా దొరకదు. అదే జాబితాలో 4 కీ మీద రూపాయిని పెట్టే ఎంపిక ఉంది. దాన్ని వాడటానికి షిఫ్ట్ లాగా పట్టుకుని నొక్కే మూడవ స్థాయి కీ ఒకటి ఎంచుకోవాలి, నేను కుడి ఆల్ట్ ఇచ్చాను.

షార్ట్‌కట్ల పేజీ గురించి చెప్పవలసింది తక్కువే, ఎందుకంటే అది బాగుంది. డెస్క్‌టాప్ ఆజ్ఞలన్నీ ఒకే చోట, వెతికే పెట్టెతో, అప్లికేషన్ల వారీగా ఉంటాయి. ఏ ప్రోగ్రాముకైనా, మనం రాసుకున్న చిన్న స్క్రిప్టుకైనా కొత్త కలయిక ఇచ్చుకోవచ్చు. మొత్తం అమరికను ఒక ఫైలుగా ఎగుమతి చేసి మరో చోట దిగుమతి చేసుకోవచ్చు. కేడీఈ వారి ప్రతి అప్లికేషనులోనూ దాని సొంత షార్ట్‌కట్లను మార్చుకునే పెట్టె వేరుగా ఉంటుంది. మ్యాక్‌లో ఇదే పని చేయాలంటే మెనూలో ఉన్న మాటను అక్షరం పొల్లు పోకుండా రాసి ఇవ్వాలి, ఇక్కడ జాబితాలో చూసి నొక్కితే చాలు. అయితే ప్లాస్మా 5లో ఉన్న ఒక సౌకర్యం, ఒక కలయిక నొక్కితే వేరే కీల వరుసను అప్లికేషనుకు పంపించేది, ఆ పని చూసే కేహాట్‌కీస్ అనే భాగంతో పాటు 6లో పోయింది. దాని మీద ఆధారపడి చిట్టి చిట్టి యంత్రాలు కట్టుకున్నవారికి ఇది నష్టమే. వారు కీడీ వంటి బయటి సాధనాలను ఆశ్రయించవలసి ఉంటుంది.

ఇంతవరకు రాసిన మెప్పంతా ఇన్‌స్క్రిప్ట్, కగప వంటి స్థిరమైన లేఅవుట్లు వాడేవారికే. తెలుగువారిలో ఇంకో పెద్ద వర్గం ఉంది. లేఖిని అనే వెబ్ సాధనంతోనో, ఫోన్లోనో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం నేర్చుకున్నవారు, కె, ఎ కొడితే "క" రావాలనీ, కె, ఎ, ఎ కొడితే "కా" రావాలనీ కోరుకుంటారు. ముందు కొట్టిన అక్షరాన్ని బట్టి తరువాతిది మారే ఈ పద్ధతి ఎక్స్‌కేబీకి చేతకాదు, అది ఒక కీకి ఒక అక్షరాన్ని మాత్రమే ఇవ్వగలదు. దీనికోసం ఎఫ్‌సీఐటీఎక్స్ 5 లేదా ఐబస్ అనే ఇన్‌పుట్ పద్ధతిని, దానితో అనేక భాషల కీబోర్డు పద్ధతులు ఉన్న ఎం17ఎన్ సంపుటిని పెట్టుకోవాలి. అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ ఉంది, పోతన ఉంది, ఇన్‌స్క్రిప్ట్ 2 ఉంది. విజయవాడ, హైదరాబాదు డీటీపీ కేంద్రాలలో చేయి తిరిగినవారు మరచిపోలేని యాపిల్ కీబోర్డు కూడా ఉంది. సరుకుకు లోటు లేదు. దాన్ని ప్లాస్మాకు జతచేసే దారే వింతగా ఉంటుంది: తెర మీద కిటికీలను చూపించే కొత్త వ్యవస్థ అయిన వేలాండ్ సెషనులో ఇన్‌పుట్ పద్ధతిని ఎంచుకోవలసిన చోటు "వర్చువల్ కీబోర్డు" అనే పేజీ. తెర మీద కీబోర్డు అక్కరలేనివారు ఎవరూ ఆ పేజీని తెరవరు గనుక, చాలామందికి అది కనిపించకుండానే పోతుంది.

అంతకంటే చిక్కు మరొకటి ఉంది. ఆ దారిలో వెళితే భాష మార్చే యంత్రాలు రెండవుతాయి. ప్లాస్మా లేఅవుట్ల జాబితా ఒకటి, ఎఫ్‌సీఐటీఎక్స్ జాబితా ఇంకొకటి. మొదటి దానికి పైన చెప్పిన క్యాప్స్ లాక్ ఏర్పాటు వర్తిస్తుంది, రెండవ దానికి కంట్రోల్‌తో స్పేస్ అనే వేరే మీట ఉంటుంది. ఆ కంట్రోల్ స్పేస్ లిబ్రె ఆఫీస్ క్యాల్క్‌లో నిలువు వరుసను ఎంచుకునే కీతోనూ, ప్రోగ్రాములు రాసే ఎడిటర్లలో మాటను పూర్తిచేసే కీతోనూ తగవు పెట్టుకుంటుంది. ఈ దారిలో పోయేవారు ప్లాస్మా జాబితాలో ఒక్క ఇంగ్లీషునే ఉంచి, తెలుగు మొత్తాన్ని ఎఫ్‌సీఐటీఎక్స్‌కే అప్పగించడం మేలు. దాని సెట్టింగులలో "చేతనం చేయి" అనే కీ, "ఆపు" అనే కీ విడివిడిగా ఇచ్చుకునే వీలుంది, కాబట్టి ఒక కీకి ఒక భాష అనే పద్ధతి అక్కడ కూడా సాధ్యమే.

విండోస్ వదిలి రావాలా అని అడిగేవారికి నేను తొందరపెట్టను. 2019 మే నాటి విండోస్ 10 నవీకరణ నుంచి తెలుగుకు ఉచ్చారణ కీబోర్డు అందులోనే వస్తోంది. దానితో తృప్తిగా ఉన్నవారికి, మైక్రోసాఫ్ట్ వారి పవర్‌టాయ్స్ సాధనాల్లోని కీబోర్డు మేనేజరుతో క్యాప్స్ లాక్‌ను వేరే పనికి మళ్ళించుకోగలవారికి, ఈ ఒక్క కారణంతో ఇల్లు మారవలసిన పని లేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో రోజుకు కొన్ని వేల అక్షరాలు కొట్టేవారు మాత్రం ఒక పాత కంప్యూటరులోనైనా ప్లాస్మాను పెట్టి, రెండు వారాలు వాడి చూడాలి. మొదటి మూడు రోజుల అనుభవాన్ని బట్టి తీర్పు చెప్పకండి, ఆ మూడు రోజులూ క్యాప్స్ లాక్ మీద చిటికెన వేలు తప్పుతూనే ఉంటుంది.

ఈ ఏర్పాటు అంతా హోమ్ ఫోల్డరులోని కాన్ఫిగ్ డైరెక్టరీలో రెండు చిన్న ఫైళ్ళలో నిలిచి ఉంటుంది: లేఅవుట్లూ ఎక్స్‌కేబీ ఎంపికలూ కేఎక్స్‌కేబీఆర్‌సీ అనే ఫైలులో, షార్ట్‌కట్లు కేగ్లోబల్‌షార్ట్‌కట్స్‌ఆర్‌సీ అనే ఫైలులో. కొత్త యంత్రం కొన్నప్పుడు ఆ రెండింటినీ కాపీ చేసి ఒకసారి లాగవుటై తిరిగి వస్తే చేతివాటం మొత్తం వెంట వస్తుంది. మా ఇంట్లో ఇంకొకరు అదే కంప్యూటరు వాడతారు. వారికి వేరే యూజరు ఖాతా తెరిచి ఇచ్చాను, వారి క్యాప్స్ లాక్ ఇంకా పాత పనే చేస్తోంది.